చిన్న విమానం మోయగల బరువు

బాసర రేవులో గోదావరిపై పడవ నడిపేవాడు కాగితం మీద లెక్కలు వేయడు. జనం ఎక్కుతున్నకొద్దీ పడవ అంచుకూ నీటికీ నడుమ ఉన్న ఎడాన్ని కంటితో కొలుస్తూ ఉంటాడు. ఆ ఎడం తనకు తెలిసిన కొలతకు రాగానే తక్కినవారిని మలి విడతకు ఆగుమంటాడు. ఎవరైనా వాదిస్తే నీటిని చూపుతాడు. అక్కడ నీరే సాక్షి. సముద్రపు ఓడల విషయంలో ఈ సాక్ష్యాన్నే శాసనంగా మార్చవలెనని ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు ఏండ్ల తరబడి పోరాడగా, 1876లో ఓడ పక్కన భారరేఖ గీయడం తప్పనిసరి అయినది.

విమానానికి అట్టి గీత లేదు. రన్‌వే మీద నిలిచి ఉన్నంతసేపు ఎంత బరువు ఎక్కించినా చక్రాలే మోస్తాయి. చూచేవారికి తేడా కనిపించదు. అంతకన్న మోసకరమైన సంగతి మరొకటి ఉన్నది. నేలకు మిక్కిలి దగ్గరగా, అంటే సుమారు రెక్కల పొడవంత ఎత్తు లోపల ఎగిరేటప్పుడు, గాలి కలిగించే ఆటంకం కొంత తగ్గుతుంది. అందుచేత మోయలేని బరువుతో ఉన్న విమానం కూడ నేలను విడిచి రెండు మూడు బారలు పైకి లేవవచ్చు. లేచినది గదా అని చోదకుడు సంతోషిస్తాడు. ఆ పైన అది లేవదు. ఎదుట చెట్లు ఉంటాయి, వెనుక రన్‌వే అయిపోయి ఉంటుంది. పడవ ఒడ్డున ఉండగానే చెప్పే నిజాన్ని విమానం ఒడ్డు విడిచిన తరువాత గాని చెప్పదు. కావున ఆ భారరేఖను చోదకుడు ముందుగానే కాగితం మీద తానే గీసుకోవలసి ఉన్నది.

ఉత్తర తెలంగాణ వారికి చిన్న విమానం బొత్తిగా ఎరుగని వస్తువు కాదు. ఆదిలాబాదులోను, వరంగల్లు చెంత మామునూరులోను నిజాం నాటి విమానస్థలాలు ఉన్నవి. రామగుండం దగ్గరి బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారాన్ని ఆనుకొని ఒక రన్‌వే వెలసినది. 1980 దశకంలో వాయుదూత్ సంస్థవారి చిన్న విమానాలు అక్కడికి వచ్చేవి. హైదరాబాదు బేగంపేటలో రెండవ ప్రపంచయుద్ధ కాలాన టైగర్ మాత్ అనే జంటరెక్కల విమానాలపై యువకులు సైనిక శిక్షణ పొందారు. మన దేశపు నిబంధనల ప్రకారం పదహారేండ్లు నిండినవారు విద్యార్థి చోదకులుగా అనుమతి పొందవచ్చు. సొంతంగా నడుపుకొనే లైసెన్సుకు పదిహేడేండ్లు, వృత్తిగా చేపట్టే లైసెన్సుకు పద్దెనిమిదేండ్లు నిండవలెను. ఈ చివరిదానికి 200 గంటలు ఎగిరిన అనుభవం కూడ కావలెను. బాసరలోనే 2008లో నెలకొన్న సాంకేతిక విశ్వవిద్యాలయపు విద్యార్థుల ఈడు సరిగా అదే. ఈ ప్రసంగంలో వచ్చే గణితం వారికి చిన్నతనంలోనే పూర్తి అయినది. కూడిక, గుణకారం, భాగహారం దాటదు. అయినను ఈ చిన్న లెక్కను నిర్లక్ష్యం చేసి ప్రాణాలు పోగొట్టుకొన్నవారిలో ఆరితేరిన చోదకులు కూడ ఉన్నారు.

శిక్షణలో విరివిగా వాడే సెస్నా 152 అనే విమానాన్ని ఉదాహరణగా తీసుకొందాం. రెండు ఆసనాలు, 110 అశ్వశక్తి గల ఇంజను. నేల విడిచేటప్పుడు దాని మొత్తం బరువు 1,670 పౌన్లకు, అంటే సుమారు 757 కిలోలకు మించరాదు. ఖాళీ విమానం బరువెంత అన్నది ఆయా విమానపు తూకపత్రంలో వ్రాసి ఉంటుంది. ఒకే కర్మాగారంలో తయారైన రెండు విమానాలకు కూడ అది ఒకటే ఉండదు. రేడియో పరికరాలు మార్చినా, రంగు వేసినా తూకం మారుతుంది. మన ఉదాహరణకు 515 కిలోలు అనుకొందాం. టాంకులు నింపితే వాడుకొనదగిన పెట్రోలు సుమారు 93 లీటర్లు, 67 కిలోలు. ఇక మిగిలినది 175 కిలోలు. అందులో శిక్షకుడు 80, విద్యార్థి 75 కిలోల వారైతే, మిగిలిన తావు 20 కిలోలు. ఒక పెట్టెతో అది నిండినది; మరొక్క కిలోకు చోటు లేదు.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటి. ఆ విమానంలో సీట్ల వెనుకనున్న సామాను అరకు 54 కిలోల వరకు అనుమతి అని వ్రాసి ఉంటుంది. మనకు మిగిలినది ఇరవయ్యే గదా! ఆ 54 అన్నది అర నేలపలక ఓర్చుకొనే బరువు. విమానం ఎత్తగల బరువు కాదు. నాలుగు సీట్ల సెస్నా 172లో ఈ భ్రమ మరింత పెద్దది. దానిలో 180 అశ్వశక్తి గల రకానికి గరిష్ఠ భారం 1,157 కిలోలు. ఖాళీ బరువు 770 అనుకొని, టాంకులు నింపినప్పటి పెట్రోలు 144 కిలోలు కూడ తీసివేస్తే, మనుషులకూ సామానుకూ మిగిలేది 243 కిలోలు. ఎనభై కిలోల మనుషులు ముగ్గురు ఎక్కితే సరి. నాలుగవ సీటు ఖాళీగా కనిపిస్తూనే ఉంటుంది, రమ్మని పిలుస్తూనే ఉంటుంది. సీట్లు నాలుగు, టాంకులు రెండు, వెనుక ఒక అర: ఈ మూడింటినీ ఒకేసారి నింపుకోవచ్చునని తయారుచేసినవారు ఎన్నడూ మాట ఇవ్వలేదు. దూరం పోవలెనంటే మనుషులను తగ్గించుకో, మనుషులు కావలెనంటే పెట్రోలు తగ్గించుకో అని మాత్రమే వారు చెప్పినది. తీర్థయాత్రకు కారులో అయిదుగురి చోట ఎనిమిదిమందిని సర్దే అలవాటు గల మనకు ఇది కొంచెం కష్టంగానే తోస్తుంది.

కొలతల తగవు మరొకటి ఉన్నది. విమానపు పుస్తకంలో పౌన్లు, గ్యాలన్లు. పెట్రోలు పోసేవాని దగ్గర లీటర్లు. మన ఇంటి తూకపు యంత్రంలో కిలోలు. 1958లో మన దేశంలో కిలో తూనికలు మొదలైనప్పుడు శేరుకూ కిలోకూ మధ్య బజారులో ఎంత రగడ జరిగినదో పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది. అక్కడ నష్టం నాలుగణాలు. 1983లో కెనడాలో ఒక పెద్ద బోయింగు 767 విమానానికి 22,300 కిలోల ఇంధనం కావలసి ఉండగా, పౌన్ల గుణకాన్ని వాడినందువల్ల 22,300 పౌన్లే ఉన్నా సరిపోయిందని లెక్క తేలినది. అంటే కావలసినదానిలో సగానికి తక్కువ. ఆకాశమధ్యంలో రెండు ఇంజన్లూ ఆగిపోయినవి. చోదకుల నేర్పు వల్ల గిమ్లీ అనే చోట పాత సైనిక రన్‌వే మీద అది దిగగలిగినది, ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. అంత నేర్పు అవసరం రాకుండ చూచుకోవడం ఇంకా మేలైన నేర్పు.

నా అభిప్రాయంలో ఈ లెక్కకు పెద్ద శత్రువు అజ్ఞానం కాదు, మొగమాటం. "మీ బరువెంత?" అని పెద్దవారిని అడగడం మన మర్యాదకు సరిపడదు. విద్యార్థి తన మేనమామను మొదటిసారి విమానంలో త్రిప్పాలనుకొంటాడు. ఆయన తనంతట తానే ఒక పది కిలోలు తగ్గించి చెబుతాడు. ఊరి నుండి తెచ్చిన బియ్యం సంచిని కాళ్ళ దగ్గర పెట్టుకొంటానంటాడు. కాళ్ళ దగ్గర పెట్టినంత మాత్రాన సంచి బరువు తగ్గదు. "మామయ్యా, తూకం మీద ఒకసారి నిలబడండి, ఆ సంచి ఇక్కడే ఉండనివ్వండి" అని వినయంగానే, గట్టిగా చెప్పగలగడం కూడ విమానవిద్యలో భాగమే. మేనమామ కొంత చిన్నబుచ్చుకొంటే చిన్నబుచ్చుకోనివ్వవలెను.

మనిషిని చూచి బరువు అంచనా కట్టడం ఎంతటి అనర్థానికి దారి తీస్తుందో 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్ నగరంలో తేలినది. బీచ్‌క్రాఫ్ట్ 1900 అనే చిన్న ప్రయాణికుల విమానం నేల విడిచిన వెంటనే ముక్కు నిట్టనిలువునా ఎత్తుకొని కూలిపోయి, అందులోని 21 మందీ మరణించారు. తోకపలకను నడిపే తీగను మరమ్మతులో సరిగా బిగించకపోవడం ఒక కారణం. రెండవ కారణం బరువు. ప్రయాణికులను తూచలేదు, నియమాల ప్రకారం ఒక్కొక్కరికి ఒక సగటు బరువు వేసుకొన్నారు. ఆ సగటు పాత కాలపుది. మనుషులు అంతకన్న బరువెక్కి ఉన్నారు. లెక్కలో అన్నీ సరిగా ఉన్నవి. విమానం మాత్రం వెనుకకు హద్దు మీరి మొగ్గి ఉన్నది. ఆ పిమ్మట అమెరికా ప్రభుత్వం ఆ సగటు బరువులను పెంచినది.

వెనుకకు మొగ్గడం అన్నాను. మొత్తం బరువు హద్దులో ఉంటే చాలదు, అది ఎక్కడ ఉన్నదన్నది కూడ ముఖ్యం. ఎద్దుబండి తోలినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. గడ్డిమోపులన్నీ ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడపై అణగుతుంది. బండి కష్టంగానైనా నడుస్తుంది. వెనుకకు వేస్తే నొగ పైకి లేచి, మెడపట్టెలు ఎద్దుల గొంతుకు బిగుసుకొంటాయి. బండి నడవనే నడవదు. విమానమూ అంతే. ముందు బరువు ఎక్కువైతే అది బద్ధకంగా ఉంటుంది, నేల విడవడానికి ఎక్కువ దూరం పరుగెత్తుతుంది, దిగేటప్పుడు ముక్కును ఎత్తిపట్టడానికి తోకపలక చాలకపోవచ్చు. వెనుక బరువు ఎక్కువైతే మొదట హాయిగా, తేలికగా లొంగినట్లుంటుంది. ఆ హాయి నమ్మదగినది కాదు. ముక్కు తనంతట తాను పైకి పోతుంది, వేగం తగ్గుతుంది, రెక్క గాలిపై పట్టు కోల్పోతుంది. స్టాల్ అని వైమానికులు పిలిచేది దీనినే. గిరగిర తిరుగుతూ పడిపోతే, బయటపడడానికి ముక్కును దించవలెను. దించే శక్తి తోకకు మిగలదు. కావున రెండు దోషాలలో వెనుక బరువే ఎక్కువ భయంకరం.

ఈ మొగ్గును తెలుసుకొనే పద్ధతి కావడి మోసేవాని పద్ధతే. ఏ కుండ భుజానికి ఎంత దూరాన వ్రేలాడుతున్నదో అతనికి శరీరమే చెబుతుంది. మనకు గుణకారం చెబుతుంది. సెస్నా 152లో ఇంజనుకూ మనుషులు కూర్చునే గదికీ నడుమ ఉన్న అడ్డుగోడ నుండి దూరాలు కొలుస్తారు. ఖాళీ విమానపు బరువు 30 అంగుళాల దగ్గర కేంద్రీకరించి ఉన్నదనుకొందాం. మనుషులు 39 అంగుళాల దగ్గర, పెట్రోలు 42 దగ్గర, పెట్టె 64 దగ్గర. బరువును దూరంతో గుణిస్తే వచ్చేది భ్రామకం. 515ను 30తో గుణిస్తే 15,450, మనుషుల 155ను 39తో గుణిస్తే 6,045, పెట్రోలుకు 2,814, పెట్టెకు 1,280. అన్నీ కూడితే 25,589. దానిని 757తో భాగిస్తే 33.8 అంగుళాలు. అదే గరిమనాభి, అంటే విమానాన్ని ఒక్క దారంతో వ్రేలాడదీయగల బిందువు. నిండు భారంతో ఉన్నప్పుడు దానికి అనుమతించిన హద్దులు 32.65 నుండి 36.5 అంగుళాల వరకు. మనది లోపలనే ఉన్నది. కాని ఆ రెండు హద్దుల మధ్య ఉన్న ఎడాన్ని గమనించండి: నాలుగంగుళాలకు తక్కువ! ముక్కాలు టన్ను బరువు గల యంత్రం బ్రతుకంతా బెత్తెడు జాగాలో ఉన్నది. నాలుగు సీట్ల విమానంలో పది కిలోల పెట్టెను ముందు సీటు నుండి వెనుక అరకు మార్చినంత మాత్రాన గరిమనాభి అర అంగుళం వెనుకకు జరుగుతుంది. పెట్రోలు ఖర్చైనకొద్దీ కూడ అది జరుగుతూ ఉంటుంది గనుక, బయలుదేరేటప్పటి లెక్కతో పాటు దిగేటప్పటి లెక్కను కూడ చేయవలెను.

ఇంతవరకు చెప్పినది ఏ దేశంలోనైనా ఒకటే. ఇక మన ఎండ సంగతి.

వేడెక్కిన గాలి పలుచబడుతుంది. పలుచని గాలి విమానానికి మూడు విధాల నష్టం చేస్తుంది. రెక్కకు ఆనిక తగ్గుతుంది గనుక ఎక్కువ వేగం అందుకొంటే గాని నేల విడవదు. ఇంజనుకు అందే ప్రాణవాయువు తగ్గుతుంది గనుక దాని శక్తి సన్నగిల్లుతుంది. ముందరి పంకాకు పట్టు తగ్గుతుంది. ఎత్తైన కొండలపై జరిగేది కూడ ఇదే. అందుచేత వైమానికులు వేడిని ఎత్తుగా మార్చి చెప్పుకొంటారు. బేగంపేట విమానస్థలం సముద్రమట్టానికి 1,742 అడుగుల ఎత్తున ఉన్నది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉన్నప్పుడు అక్కడి గాలి, ప్రామాణిక లెక్కలో సుమారు 5,100 అడుగుల ఎత్తున ఉండవలసిన గాలితో సమానం. హార్సిలీ కొండ శిఖరంకన్న ఎత్తన్న మాట. శ్రీరామసాగర్ నిండుమట్టం 1,091 అడుగులు. బాసర వైపు ఆ జలాశయపు ఒడ్డున 43 డిగ్రీలు కాచిననాడు అక్కడి గాలి 4,700 అడుగుల ఎత్తు గాలి. డిసెంబరులో తెల్లవారుజామున 12 డిగ్రీల చలిలో అదే బేగంపేట తన అసలు ఎత్తుననే ఉంటుంది. తేమ గాలి బరువని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. నిజానికి నీటి ఆవిరి పొడిగాలికన్న తేలిక. కనుక వానాకాలపు ఉక్క కూడ విమానానికి అనుకూలం కాదు.

అంకెలలో దీని ఫలితం ఇట్లుంటుంది. నిండు బరువుతో సెస్నా 152, సముద్రమట్టాన 15 డిగ్రీల చల్లదనంలో, నిలిచిన చోటి నుండి బయలుదేరి 50 అడుగుల చెట్టును దాటడానికి 1,340 అడుగుల దూరం తీసుకొంటుంది. 2,000 అడుగుల ఎత్తున 40 డిగ్రీల వేడిలో దాదాపు 1,950 అడుగులు కావలెను. నిమిషానికి 715 అడుగులు ఎగబ్రాకగలిగినది 530 దగ్గరకు దిగజారుతుంది. ఇవి కొత్త విమానంతో, గట్టి నేల మీద, నిపుణుడైన పరీక్షకుడు రాబట్టిన అంకెలు. ఇంజను వయసు మళ్ళినదైతే, విద్యార్థి చేయి తడబడితే, ఇవి వర్తించవు. కావుననే బ్రిటిషు విమానశాఖవారు పుస్తకపు దూరానికి మూడోవంతు కలుపుకొమ్మని సలహా చెబుతారు. 1,950 అడుగులు అప్పుడు 2,600 అవుతుంది. పొడి గడ్డి నేలైతే మరి అయిదోవంతు కలపవలెను, తడి గడ్డి అయితే పదింట మూడు వంతులు. బరువు పదోవంతు పెరిగితే దూరం అయిదోవంతు పెరుగుతుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి గుణించుకొంటూ పోతాయి, కేవలం కూడుకోవు. వడ్డీ మీద వడ్డీ పెరిగినట్లన్న మాట.

2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారం నిమిత్తం కరీంనగర్ రావడానికి బెంగుళూరు జక్కూరు విమానస్థలంలో సెస్నా 180 అనే చిన్న విమానం ఎక్కారు. నేల విడిచిన కొద్ది క్షణాలకే అది కూలిపోయి, ఆమె, ఆమె సోదరుడు, మరి ఇద్దరు మరణించారు. ఆ ప్రమాదానికి కారణమేదో నిర్ణయించడం ఈ ప్రసంగం పని కాదు. తొలి నిమిషంలో చోదకుని చేతిలో ఎత్తు ఉండదు, మిగులు వేగం ఉండదు, ఆలోచించడానికి వ్యవధి ఉండదు అని చెప్పడానికి మాత్రమే ఆ దుర్దినాన్ని తలచుకోవలసి వచ్చినది. పైన వేయి అడుగుల ఎత్తున దిద్దుకొనదగిన తప్పు అక్కడ దిద్దుకొనరానిది.

ఆ తొలి నిమిషంలో మలుపు తిరగడం గురించి ఒక్క మాట. విమానం పక్కకు ఒరిగి తిరిగేటప్పుడు రెక్కలపై పడే భారం పెరుగుతుంది. అరవై డిగ్రీలు ఒరిగి, ఎత్తు తగ్గకుండ తిరిగితే సరిగా రెండింతలు అవుతుంది. మన 757 కిలోల విమానాన్ని రెక్కలు 1,514 కిలోల దానివలె మోయవలెను. స్టాల్ అయ్యే వేగం నూటికి 41 వంతులు పెరుగుతుంది. బరువు ఎక్కువైన విమానం, వేడి గాలి, తక్కువ వేగం, నిటారైన మలుపు: ఈ నాలుగూ కలిసినచోట ఏ శిక్షకుడూ కాపాడలేడు.

ఇక ఒక ప్రయాణాన్ని వేసి చూద్దాం. బేగంపేట నుండి బాసర మీదికి సూటిదారిన సుమారు 167 కిలోమీటర్లు. బాసరలో దిగడానికి రన్‌వే లేదు. గోదావరి మీద రైలు వంతెనను చూచుకొని, ఒక చుట్టు తిరిగి వెనుకకు రావలసినదే. రానూపోనూ 334 కిలోమీటర్లు. గంటకు 185 కిలోమీటర్ల చొప్పున గాలి లేని రోజున ఒక గంటా యాభై నిమిషాల లోపు. గంటకు 23 లీటర్ల చొప్పున 42 లీటర్లు. ఇంజను వేడిచేయడానికి, పైకి ఎక్కడానికి 4 లీటర్లు. ముప్పావుగంటకు సరిపడ నిలువ 17 లీటర్లు. వెరసి 63 లీటర్లు, 45 కిలోలు. టాంకులు నింపవలసిన అవసరం లేదు. 22 కిలోలు ఆదా అయినది. పెట్టెను కూడ దించివేస్తే మొత్తం బరువు 715 కిలోలు. నేల విడిచే దూరం సుమారు పదోవంతు తగ్గుతుంది. ఆ ముప్పావుగంట నిలువను మాత్రం ఏ కారణం చేతనూ ముట్టరాదు. ఎదురుగాలి వీస్తే దానినే ఆశ్రయించవలసి వస్తుంది. టాంకులో ఎంత ఉన్నదో ముల్లును చూచి నమ్మక, రెక్క పైకెక్కి కొలకర్ర ముంచి చూడవలెను.

మే నెలలో ఈ ప్రయాణం చేయదలచినవారు ఉదయం ఆరు గంటలకు బయలుదేరితే ఎనిమిదింటికి తిరిగి రావచ్చు. వాతావరణశాఖవారు చెప్పే ఉష్ణోగ్రత నీడలోనిది, రన్‌వే పైన అంతకన్న ఎక్కువే ఉంటుంది. పది గంటలు దాటితే పాత లెక్క చెల్లదు. మేనమామ వచ్చి సిద్ధంగా ఉన్నప్పటికీ, కాగితం తీసి మళ్ళీ మొదటి నుండి వేయవలెను.